ఆరు గంటలకు వెలిగిన డబ్బా

తీతు చేతులు ఎప్పుడూ కిరసనాయిలు వాసన వేసేవి. సబ్బుతో తోమినా, ఇసుకతో రుద్దినా పోని వాసన అది. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెముక్క అందుకునేటప్పుడు కూడా చేతులు సగమే చాపి సిగ్గుపడేవాడు. పని చేసిన చేతులకు సిగ్గెందుకని పాస్టరు సమూయేలు అయ్యగారు ఒక ఆదివారం అందరి ముందూ అన్న తర్వాత ఆ సిగ్గు కాస్త తగ్గింది.

టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఖరగ్‌పూర్ యార్డులో లాంప్‌మేన్‌గా చేరి ముప్ఫైనాలుగేళ్ళయింది. సిగ్నల్ స్తంభం ఎక్కడం, దీపం దించడం, గాజు తుడవడం, వత్తి కత్తిరించడం, నూనె పోయడం, మళ్ళీ ఎక్కించడం. వత్తి ఏమాత్రం వంకరగా తెగినా మంట ఒక పక్కకు లేచి గాజు మసిబారుతుంది. గాజు మసిబారితే డ్రైవరుకు ఎరుపు కనబడదు. ఈ సంగతి తెలిసిన మనిషి కాబట్టి తీతు వత్తి కత్తిరించేటప్పుడు ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. మిగతా వేళల్లో పిలవకపోయినా పలికేవాడు. కత్తిరించిన వత్తి ముక్కలు పోగుచేసి, కరెంటు లేని గుడిసెల్లో ఉన్న ముసలమ్మలకు పంచేవాడు. రైల్వే క్వార్టర్లున్న న్యూ సెటిల్‌మెంట్‌లో ఏ ఇంట్లో స్టవ్ పొగచిమ్మినా ఆ ఇంటి ఆడవాళ్ళు ముందు తలుచుకునేది తీతు మావనే. స్టవ్ బాగుచేసి, ఇచ్చిన టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చేవాడు.

పంతొమ్మిదివందల డెబ్బై నవంబరు నాటికి అతనికి ఇంకా పదకొండు నెలల పైచిలుకు సర్వీసుంది. మరుసటి ఏడు అక్టోబరు ముప్ఫైఒకటిన రిటైరు కావాలి. ఆ రోజు తోటి లాంప్‌మేన్లు దండ వేసి, క్వార్టరు దాకా నడిపించుకు వస్తారు. అది అక్కడి ఆనవాయితీ. భార్య ఎస్తేరమ్మ ఆ రోజు కోసం మంచి చీర ఒకటి విప్పకుండా పెట్టెలో దాచింది.

అవి మంచి రోజులు కావు. మేదినీపూర్ జిల్లా అంతా గోడల మీద నక్సలైట్ల ఎర్ర రాతలు. పొద్దున ఉన్న మనిషి సాయంత్రానికి ఉంటాడో లేదో తెలియదు. డబ్బాల్లో మందు కూరి, జనపనార తాడు చుట్టి చేసిన బాంబులు ఎక్కడ పడితే అక్కడ పేలుతున్నాయి. అంతకు నెల ముందే ఒక కానిస్టేబులు, ఇద్దరు పిల్లల తండ్రి, అలాంటి దానికే చచ్చిపోయాడు. ఆ సంగతి విని తీతు రాత్రి అన్నం ముందు అతని పిల్లల కోసం ప్రార్థన చేశాడు. అంటే భయం ఉత్తుత్తి భయం కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత జరిగినదానిలో ఎవరిది ఎంత తప్పో సరిగా తెలియదు.

ఏటా నవంబరులో తెలుగు చర్చిలో కోతపండుగ జరుగుతుంది. రైల్వే వాళ్ళకు పొలాలెక్కడివి? క్వార్టరు పెరట్లో కాసిన గుమ్మడికాయ, పందిరి మీది చిక్కుడుకాయలు, పెంచిన కోడి, ఏదో ఒకటి తెచ్చి బల్ల ముందు పెడతారు. తర్వాత వాటిని వేలంపాట పెట్టి అమ్ముతారు. కిందటేడు జనం బొత్తిగా పలచబడ్డారు. బయట తిరగడానికే భయమాయె. ఈ ఏడు బెంగాలీలు, ఒడియావాళ్ళు, ఇరుగుపొరుగు అందరూ రావాలని, భయంలో ముడుచుకున్న ఊరు ఒక్క పూటైనా తెరుచుకోవాలని తీతుకు మహా కోరిక. ఆ పనికి పాంప్లెట్లు చాలవు. చూసిన మనిషి పదిమందికి చెప్పుకునే వింత ఏదైనా ఉండాలి.

గోల్ బజార్‌లో నిమాయ్ దాదా పాన్ కొట్టు ముందు బీడీలు ముట్టించుకోవడానికి కొబ్బరితాడు ఒకటి ఎప్పుడూ రాజుకుంటూ వేలాడేది. ఒక పొద్దున దాన్ని చూస్తూ నిలబడిపోయాడు తీతు. ఆ తాడు మంటపెట్టదు, ఆరిపోదు. నిమ్మళంగా పాకుతుంది. గడియారంలాగ పాకుతుంది. ఎవరూ దగ్గర లేకుండా దీపం తనంతట తను వెలగాలంటే ఇది చాలదా?

వారం రోజులు ఇంట్లో కొలతలే కొలతలు. దూలానికి తాళ్ళు వేలాడదీసి, చేతి వాచీ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. జానెడు తాడుకు గంటన్నర. నాలుగు జానలకు ఆరు గంటలు.

“ఏటయ్యా, ఇల్లా, సితిమంటా?” అని ఎస్తేరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దులిపేసింది. “ముప్పైనాలుగేళ్ళు నీ కిరసనాయిలు ఓర్సుకున్నాను. ఇప్పుడు పొగ కూడా ఓర్సుకోవాలా?”

“ఆరు గంటలకు పన్నెండు దీపాలు ఒక్కసారే ఎలగాల. అంతదాకా ఓర్సుకోయే,” అన్నాడు తీతు.

పన్నెండు అంటే పన్నెండుమంది శిష్యుల లెక్క. ఖాళీ పాలపొడి డబ్బాలు పన్నెండు సంపాదించాడు. మేకుతో చిన్న చిన్న చిల్లులు పొడిచి ఒక వైపు నక్షత్రం, మరో వైపు అక్షరాలు. తెలుగులో ‘కోతపండుగ’ అని తనే పొడిచాడు. దాని కింద బెంగాలీలో ‘ఆదివారం పది గంటలకు, అందరూ రండి’ అని నిమాయ్ దాదా సుద్దముక్కతో గీసి ఇస్తే, ఆ గీతల వెంట పొడిచాడు. లోపల చిన్న బుడ్డి, వత్తి. వత్తి పక్కనే నాలుగు అగ్గిపుల్లల కట్ట. తాడు రాజుకుంటూ వచ్చి ఆ కట్టను తాకుతుంది, పుల్లలు భగ్గుమంటాయి, వత్తి అంటుకుంటుంది. పగలు చూస్తే తుప్పు డబ్బా. చీకటి పడ్డాక నక్షత్రం.

తీతు బుర్రకు దీపం తప్ప ఇంకేదీ తోచలేదు. ఆ డబ్బా, ఆ తాడు ఆ రోజుల్లో ఇంకొకరి కంటికి ఎలా కనబడతాయో వెలుతురు పనిలోనే జీవితం గడిపిన మనిషికి స్ఫురించలేదు. స్ఫురించింది సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ హరనాథ్‌కు. ఆయనది విజయనగరం వైపు. డబ్బా తిప్పి తిప్పి చూసి, పని బాగుందని మెచ్చుకుని, ఇది మాత్రం ఠాణాలో చెప్పకుండా కట్టవద్దని గట్టిగా చెప్పాడు.

సరేనని తీతు గురువారం నాడు డబ్బా ఒకటి సంచిలో వేసుకుని ఠాణాకు వెళ్ళాడు. అక్కడ రాతపని చూసే మున్షీ ముందు పెట్టి, మూత తీసి, బుడ్డి, వత్తి చూపించి, శనివారం ఎక్కడెక్కడ కడతాడో వివరంగా చెప్పాడు. మున్షీ పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు. పుస్తకంలో ఏమైనా రాసుకుంటారా అని తీతు అడిగితే, పండగ దీపాలకు కూడా కాగితం కావాలా, పొమ్మని నవ్వాడు. ‘ఠీక్ హై, ఠీక్ హై’ అన్నాడు. ఆ రెండు మాటలూ తీతుకు ముద్రవేసిన ఆర్డరు లాంటివి. తృప్తిగా ఇంటికి వచ్చాడు.

శనివారం పన్నెండింటికి పొద్దుటి డ్యూటీ దిగి, సైకిలు మీద బయలుదేరాడు. ముందు వెలిగించిన డబ్బాకు తాడు పొడుగు, తర్వాతవాటికి కొంచెం కొంచెం పొట్టి, అన్నీ ఆరింటికే వెలగాలి గదా. గోల్ బజార్‌లో రెండు, ఖరిదా గేటు దగ్గర ఒకటి, వంతెన కటకటాలకు ఒకటి, అలా అన్నీ కట్టి, ఒంటిగంటకు ఇల్లు చేరి, అన్నం తిని నడుం వాల్చాడు.

రెండు గంటలు కావస్తుండగా వంతెన కటకటాల మీద పొగలు కక్కుతున్న తాడు, దానికి కట్టిన డబ్బా ఎవరి కంట్లోనో పడింది. ఒక్క అరుపు చాలింది. బజారు బజారంతా చెప్పులు వదిలేసి పరిగెత్తింది. కొట్ల రేకు తలుపులు దడదడ పడ్డాయి. రెండు రైలుబళ్ళు సిగ్నల్ బయటే ఆపేశారు. ఠాణా నుంచి వచ్చినవాళ్ళు ఇసుక బస్తాల వెనక పడుకుని డబ్బా మీద తుపాకి కాల్చారు. మొదటి దెబ్బ తప్పి ఒక కొట్టు అద్దాలు పగిలాయి. రెండోదానికి డబ్బా ఎగిరిపడి, కిరసనాయిలు కారి, ఊరుకుంది.

ఈ కబురు న్యూ సెటిల్‌మెంట్‌కు చేరేసరికి పన్నెండు బాంబులు, పదిమంది చావులు అయింది. తీతు ఒక్క ఉదుటున లేచాడు. ఎస్తేరమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఈ గొడవ సద్దుమణిగాక వెళ్ళమంది, అయ్యగారిని తోడు తీసుకెళ్ళమంది. అతను చెయ్యి విడిపించుకున్నాడు.

“ఇంకా పదకొండున్నాయే. ఆళ్ళు అన్నిటి మీదా కాలుస్తారు. గుండు ఎవలికైనా తగిల్తే?”

సైకిలు కూడా గుర్తు రాలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి, తాడు కట్టి ఆపిన జనాన్ని తోసుకుని, తుపాకుల ముందు చేతులెత్తి నిలబడ్డాడు. అవి తన దీపాలని, తక్కినవి ఎక్కడున్నాయో తనే చూపిస్తానని, దయచేసి కాల్చవద్దని వచ్చిన హిందీలో చెప్పుకున్నాడు. మాట పూర్తి కాకముందే తుపాకి మడమ వీపు మీద పడింది.

ఆ క్షణానికి వాళ్ళు భయపడ్డారు. భయపడ్డ మనిషి చెయ్యి విసిరితే దాన్ని మన్నించవచ్చు. తీతు ఆ దెబ్బను అప్పుడే మన్నించాడు. అందులో విశేషమేమీ లేదు.

ఠాణా అధికారిని అక్కడ బొడోబాబు అంటారు. పెద్దబాబు అని. నున్నగా దువ్విన తల, ఎప్పుడూ తుడుచుకుంటూ ఉండే కళ్ళజోడు. తీతు చెప్పిన చోట్ల నుంచి డబ్బాలు తెప్పించి, తాళ్ళు నీళ్ళలో ముంచి, వరండాలో వరుసగా పెట్టించాడు. మూడు డబ్బాలను జనం అప్పటికే చెరువులో పారేశారు. మిగిలినవి ఎనిమిది.

సొంతవూరు ఏదని అడిగారు. తీతు శ్రీకాకుళం జిల్లా అన్నాడు. ఆ రెండేళ్ళలో ఆ జిల్లా పేరు పేపర్లలో ఎందుకు పడుతోందో అందరికీ తెలుసు. బొడోబాబు కళ్ళజోడు తుడవడం ఆపాడు. ఎవరు పంపారు, ఎంతమంది వచ్చారు, మందు కూరడం ఎక్కడ నేర్చుకున్నావు అని ప్రశ్న తర్వాత ప్రశ్న. పల్లె వదిలి ముప్ఫైనాలుగేళ్ళయిందని తీతు చెబుతూనే ఉన్నాడు. గురువారం తాను వచ్చి డబ్బా చూపించిన సంగతి కూడా చెప్పి, అక్కడే బల్ల దగ్గర కూర్చున్న మున్షీ వైపు ఆశగా చూశాడు. మున్షీ కాగితాల మీద నుంచి తల ఎత్తకుండా, ఈ మనిషిని ఎన్నడూ చూడలేదన్నాడు.

లాకప్పు ముందు కాపలా ఉన్నవాడు ఠాణా మనిషి కాదు. సాలువా సాయుధ పోలీసు క్యాంపు నుంచి తోడుగా పంపిన నేపాలీ జవాను, ధనబహదూర్. తీతు పెదవి చిట్లి రక్తం కారుతుంటే తన సీసాలోని నీళ్ళు ఊచల్లోంచి అందించాడు. తర్వాత వరండాలోకి వెళ్ళి ఒక డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడు. ఆ డబ్బాకు మిగిలిన తడి తాడు కోసేసి, బీడీలు ముట్టించుకునేందుకు జేబులో పెట్టుకున్న కొబ్బరితాడు ముక్క ఒకటి ముడివేసి, బీడీతో రాజేసి, వాకిట్లో వేపచెట్టు కొమ్మకు, మనుషులకు దూరంగా తగిలించి వచ్చాడు.

ఆరింటికి కాస్త అటూ ఇటూగా చిన్న చప్పుడైంది. అగ్గిపుల్లలు భగ్గుమన్న చప్పుడు. మున్షీ బల్ల కింద దూరాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు నేల మీద పడుకున్నారు. తర్వాత ఏమీ పేలలేదు. చీకట్లో వేపకొమ్మ నుంచి ఒక నక్షత్రం వేలాడుతోంది. గాలికి డబ్బా నెమ్మదిగా తిరిగింది. అక్షరాలు ఇటు తిరిగాయి. ‘ఆదివారం పది గంటలకు, అందరూ రండి.’ సాక్షాత్తు బెంగాలీలో, బంగారు చుక్కల్లాగ.

కానిస్టేబుళ్ళు లేచి మట్టి దులుపుకున్నారు. ఒకడు పైకి చదివాడు. ఇంకొకడు నవ్వడం మొదలుపెడితే అందరూ నవ్వారు. మున్షీ కూడా నవ్వాడు. ఊచల వెనక తీతు చిట్లిన పెదవితోనే నవ్వాడు. నొప్పి గుర్తుకు రాలేదు. దీపం సరిగ్గా వెలిగింది. గండం గడిచిందనే అనుకున్నాడు.

బొడోబాబు మెట్లు దిగి, చెట్టు దగ్గరకు నడిచి, అక్షరాలన్నీ చదివాడు. చదివి, డబ్బా మూత తీసి ఉఫ్ మని ఊది ఆర్పేశాడు. పన్నెండు బాంబులు పట్టుబడ్డాయని నాలుగింటికే జిల్లాకు వైర్‌లెస్ వెళ్ళిపోయిందని, సోమవారం పెద్ద ఆఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడని నింపాదిగా చెప్పాడు. అందుచేత ఇవి బాంబులే. ఇందాక ఎవరూ ఏమీ చూడలేదు. ధనబహదూర్‌ను ఆ రాత్రే సాలువాకు తిప్పి పంపేశారు.

తీతుకు అప్పుడు కోపం రాలేదు. రోత పుట్టింది. మురుగుకాలవలో చెయ్యి పెట్టి పనిచేసిన రోజుల్లో కూడా అతనికి అలాంటి రోత పుట్టలేదు. మట్టిలో పురుగు తన కడుపు కోసం పాకుతుంది. దీపమని కళ్ళారా చూసి, చదివి, దీపం కాదని చెప్పే మనిషి దేనికోసం పాకుతున్నాడు? ఇచ్చిన అన్నం ముట్టుకోలేకపోయాడు.

ఆదివారం కోతపండుగ వెలవెలబోయింది. బల్ల ముందు పెట్టిన గుమ్మడికాయలు, చిక్కుడుకాయలు ఎవరూ పాడుకోలేదు. ఆరాధన అయ్యాక సమూయేలు అయ్యగారు ముందు నడవగా నలభైమంది వచ్చి ఠాణా ఎదుట నిలబడ్డారు. అరవలేదు, నినాదాలు చెయ్యలేదు. నిలబడ్డారంతే. ఎస్తేరమ్మ అన్నం గిన్నె పట్టుకుని నిలబడింది. గిన్నె లోపలికి పోలేదు.

హరనాథ్ మాత్రం లోపలికి వెళ్ళాడు. ఆయన దిగులు వేరే ఉంది. రైల్వే ఉద్యోగి నలభైఎనిమిది గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ దానంతటదే పడిపోతుంది. ఒకరు చెయ్యాల్సిన పని లేదు. పడితే విచారణ, విచారణంటే ఏళ్ళు. తీతుకు మిగిలింది నెలలు. శనివారం మూడింటికి పట్టుకున్నారు. సోమవారం మూడింటిలోగా బయటపడితే ఉద్యోగం నిలుస్తుంది. ఈ లెక్క హరనాథ్ బొడోబాబుకు విప్పి చెప్పాడు. బొడోబాబు ఆయనకు కుర్చీ వేసి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా విన్నాడు. తనకూ ఒక తండ్రి ఉన్నాడని, సోమవారం పొద్దున్నే వదిలేస్తానని మాటిచ్చాడు.

ఊచల దగ్గరకు వచ్చి హరనాథ్ ఆ మాట చెబితే తీతు తలూపాడు.

“పొద్దున్నే అంటే ఎన్నింటికి బాబూ?”

“తొమ్మిదింటికల్లా. నాకు మాటిచ్చాడు.”

“నిన్న దీపం సూసినాడు బాబూ. సదివినాడు కూడా. అలాటోడి మాటకి ఏటి ఇలువ కడతాం?”

సోమవారం తొమ్మిదైంది, పన్నెండైంది. పెద్ద ఆఫీసరు జీపు రాలేదు. ఆయన వచ్చి చూసేదాకా పట్టుబడ్డ మనిషి ఉండాలి. ఒంటిగంటకు ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎనిమిది డబ్బాలూ బల్ల మీద పెట్టి మూతలు తీశారు. లోపలి బుడ్లు, వత్తులు ఒక్కొక్కటే బయటికి లాగి గోనెసంచిలో వేశారు. నక్షత్రం ఉన్న వైపు గోడకు తిప్పారు. కొత్త జనపనార తాడు తెప్పించి అక్షరాలు కనబడకుండా చుట్టారు. అన్నీ సమంగా కత్తిరించిన వత్తులు. అవి సంచిలో పడుతుంటే చూడలేక తీతు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వీళ్ళు తననొక హంతకుడని నమ్మి కొట్టి ఉంటే దేవుడి ముందు వాళ్ళకొక జవాబు ఉండేది. దీపంలోంచి దీపాన్ని తీసేస్తున్న ఈ చేతులకు ఏం జవాబు ఉంటుంది?

రెండున్నరకు హరనాథ్ మళ్ళీ వచ్చాడు. బొడోబాబు లేడన్నారు. లోపల ఆయన దగ్గు వినబడుతూనే ఉంది. గోడ గడియారం మూడు కొట్టింది. హరనాథ్ టోపీ తీసి బెంచీ మీద కూలబడ్డాడు.

నాలుగింటికి జీపు వచ్చింది. బల్ల వెనక తీతును నిలబెట్టి ఫోటో తీశారు. పెద్ద ఆఫీసరు డబ్బాలను ముట్టుకోనైనా ముట్టుకోకుండా బొడోబాబు భుజం తట్టి, మిఠాయి తిని వెళ్ళిపోయాడు. ఆరింటికి లాకప్పు తలుపు తీసి తీతును పొమ్మన్నారు. కేసు లేదు, కోర్టు లేదు, కాగితం లేదు. యాభైఒక్క గంటలు ఉంచుకుని, కుక్కను తోలినట్టు పొమ్మన్నారు. మర్నాడు లాంప్ రూము గోడకు సస్పెన్షన్ కాగితం అంటించారు.

ఒళ్ళు నొప్పులు తగ్గకముందే తీతు చేసిన మొదటి పని ఖరిదాకు వెళ్ళడం. అక్కడ కూరగాయలు అమ్ముకునే లక్ష్మీకాంతం ఆ శనివారం తొక్కిసలాటలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. తీతు ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన బుద్ధితక్కువ వల్ల ఆమె పడిందని, క్షమించమని అడిగాడు.

“నీ దీపం ఎలగడానికి నా సెయ్యే ఇరగాలేటి తీతన్నా?” అని ఆవిడ కట్టు చూపించి సాధించింది. సాధిస్తూనే పీట వేసింది. “కూకో. నిన్ను సితకబాదినారట గదా. పెదవి అలాగుంది, టీ తాగగలవా?”

ఆమె చెయ్యి బాగుపడేదాకా తీతే పొద్దున్నే ఆమె బుట్ట బజారుకు మోసిపెట్టాడు. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి అంతకంటే ఏం పని ఉంది.

విచారణ కదలాలంటే ‘ఈ మనిషి మీద కేసేమీ లేదు’ అని ఠాణా నుంచి ఒక్క వాక్యం కావాలి. హరనాథ్ ఆరుసార్లు తిరిగాడు. అలా రాస్తే పట్టుకున్న బాంబులు ఏమైనట్టు? పేపరులో ఫోటో పడిపోయిందాయె. బొడోబాబుకు మెప్పుకాగితం వచ్చిందాయె. చివరికి ఫిబ్రవరిలో ఆ బొడోబాబే ఒక దారి చూపించాడు. ప్రజలను, ప్రభుత్వాన్ని భయపెట్టే ఉద్దేశంతో డబ్బాలు కట్టినట్టు తీతు ఒప్పుకుని క్షమాపణ రాసిస్తే, వయసు చూసి వదిలేశామని తాను రాసిస్తాడట.

కాగితం ఎస్తేరమ్మ ముందు పెట్టాడు తీతు. సంతకం పెడితే ఉద్యోగం వస్తుందని, దండ వేస్తారని, క్వార్టరు అక్టోబరు దాకా నిలుస్తుందని విడమరిచి చెప్పాడు. పెట్టకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు.

“నువ్వు జనాన్ని బయపెట్టినావా, లేదా?” అని అడిగింది.

“పెట్టినాను. ఉద్దేశం లేదు గానీ బయపెట్టినాను.”

“అయితే అదే రాయి. అంతకుమించి ఒక్క మాట రాసినావంటే ఈ ఇంట్లో నీకు కూడు పెట్టను.”

తీతు వానాకాలం చదువే చదివాడు. రెండు రాత్రులు కూర్చుని సొంతంగా ఒక కాగితం రాశాడు. గోల్ బజార్ కొట్లవాళ్ళకు, ఆగిపోయిన బళ్ళలోని ప్రయాణికులకు, లక్ష్మీకాంతానికి, డబ్బాకు ఎదురు వెళ్ళిన పోలీసులకు కూడా పేరుపేరునా క్షమాపణ చెప్పాడు. ఆ కానిస్టేబులు చనిపోయిన నెల రోజులకే అలాంటి పని చెయ్యడం తన తెలివితక్కువ అని ఒప్పుకున్నాడు. చివర ఇలా రాశాడు: ‘శనివారం సాయంకాలం ఆరు గంటలకు దీపం వెలిగింది. అందరూ చదివినారు. ఆ తర్వాత భయపడినవారు ఎవరూ లేరు కనుక నా క్షమాపణ అక్కడితో ఆపుచున్నాను.’

హరనాథ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పట్టుకెళ్ళాడు. బొడోబాబు చివరి వాక్యం దాకా చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న బల్ల కాలి కింద తోశాడట. హరనాథ్ ఈ సంగతి వెంటనే చెప్పలేదు. వేసవి దాటాక చెప్పాడు.

అక్టోబరు ముప్ఫైఒకటి వచ్చింది, వెళ్ళింది. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి దండ వెయ్యకూడదు. సాయంత్రం నలుగురు లాంప్‌మేన్లు మాత్రం డ్యూటీ బట్టలతోనే వచ్చి, గుమ్మంలో కూర్చుని, ఎస్తేరమ్మ పెట్టిన ఉప్మా తిని వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఒకడు తీతు కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

మూడు వారాల తర్వాత కవరు వచ్చింది. బొడోబాబు ప్రమోషన్ మీద ఇంకో ఊరు వెళ్ళాడు. కొత్తగా వచ్చినాయన పాత ఫైళ్ళు దులుపుతూ ఆ ఒక్క వాక్యం రెండు నిమిషాల్లో రాసి పంపేశాడు. అంతే పని. ఏడాది పాటు జరగని పని.

కవరులో రెండు కాగితాలున్నాయి. హరనాథ్ గుమ్మంలో నిలబడి చదివి చెప్పాడు. మొదటిది, తీతు మీద ఏ నేరమూ లేనందున అతన్ని తక్షణం డ్యూటీలోకి తీసుకోమని ఆర్డరు. రెండోది, అక్టోబరు ముప్ఫైఒకటిన రిటైరయినందున పదిహేను రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు. రెండింటి మీదా ఒకే తేదీ, ఒకే గుమాస్తా పొడి సంతకం.

“మొదటిదానికి ఏటి సెయ్యాలి బాబూ?” అన్నాడు తీతు.

“చెయ్యడానికేమీ లేదు. చేరడానికి ఉద్యోగం లేదు గదా ఇప్పుడు,” అన్నాడు హరనాథ్, అతని మొహంలోకి చూడకుండా.

ఎస్తేరమ్మ లోపల్నుంచి వచ్చి కాగితాలు చేతిలోకి తీసుకుంది. చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులో మనకు తెలీని సంగతేటైనా ఉందా?”

“రెండోదాంట్లో ఉంది,” అన్నాడు తీతు. “ఇల్లు ఎతుక్కోవాల.”

వెతుక్కోనక్కర్లేకపోయింది. విన్న మర్నాడే నిమాయ్ దాదా కొట్టు మూసి వచ్చి, ఖరిదాలో తన ఇంటి వెనక గదికి వాళ్ళ కోసం సున్నం వేయించానని చెప్పి వెళ్ళాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాళ్ళు సైకిళ్ళ మీద, తలల మీద సామాను మోసుకెళ్ళారు. లక్ష్మీకాంతం బాగుపడిన చేత్తో నీళ్ళబిందె పట్టుకుని ముందు నడిచింది. తీతు అందరికంటే వెనక ఉండి, ఖాళీ క్వార్టరు ఊడ్చి, కిటికీలు బిగించి, సోమవారం పొద్దున తాళంచెవి తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చాడు. రసీదు అడిగితే గుమాస్తా రేపు రమ్మన్నాడు. రసీదు ఇచ్చేదాకా కదలనని, తీతు అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు.